కాన్పుకు తోడు: రామగుండం బొగ్గుబాయి ప్రాంతంలో ఇంటి పురుళ్ళ చరిత్ర

తెలుగులో ‘పురుడు’ అనే పదం ప్రసవాన్నీ, ప్రసవానంతరం ఆ ఇంటికి పట్టే అశౌచాన్నీ రెంటినీ తెలుపుతుంది. ‘పురుడు పోయడం’ అన్నప్పుడు మాత్రం అర్థం మరొక వైపు తిరుగుతుంది. ‘ఆమెకు మంత్రసాని పురుడు పోసింది’ అనే వాక్యంలో కర్త ప్రసవించే స్త్రీ కాదు, ఆమె పక్కనున్న మరొక స్త్రీ. ‘నీళ్ళాడింది’ అనే వాడుకలో కర్త తల్లే అయినా, ఆ నీళ్ళు కాచి పోసే చేతులు ఇంకొకరివి. ప్రసవాన్ని ఒంటరి స్త్రీ అనుభవంగా కాక, ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలిసి చేసే పనిగా భాష గుర్తుపెట్టుకున్నదని ఈ పదజాలం వల్ల తెలుస్తుంది.

ప్రసవ చరిత్రను రాసేవారు సాధారణంగా స్థలాన్ని ఆధారం చేసుకుంటారు. ఇంటి నుంచి ఆసుపత్రికి, అజ్ఞానం నుంచి శాస్త్రానికి జరిగిన ప్రయాణంగా దానిని వర్ణిస్తారు. గణాంకాలు కూడా ఆ దృష్టితోనే సేకరించబడ్డాయి. కాన్పు ఎక్కడ జరిగిందన్నది పట్టికల్లో దొరుకుతుంది. ఆ సమయంలో ఆమె చేయి పట్టుకున్నదెవరన్నది దొరకదు. పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలతో ఒక్క తరంలో పట్టణంగా మారిన రామగుండం–గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో ఇంటి కాన్పుల చరిత్రను ‘తోడు’ అనే కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. గనుల చట్టాలు, ప్రసూతి చట్టాలు, ఆరోగ్య సర్వేలు, స్త్రీల పాటలపై జరిగిన పరిశోధన, వాడుకలోని మాటలు ఇందుకు ఆధారాలు.

బాయి, భార్య, చట్టం

తెలంగాణలో బొగ్గు చరిత్ర ఇల్లెందు దగ్గర మొదలైంది. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలో అధిక వాటాను కొనుగోలు చేసింది. గోదావరి ఒడ్డున రామగుండం ప్రాంతపు గనులు వీటన్నిటికన్నా చాలా ఆలస్యంగా, 1960ల తొలినాళ్ళలో తెరుచుకున్నాయి. కాజీపేట–బల్లార్ష రైలు మార్గం మీది ఒక చిన్న స్టేషను చుట్టూ బాయిలు, తాప విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఆ తరువాత పెద్దపల్లి జిల్లాలో చేరింది.

ఈ ఆలస్యానికి స్త్రీల చరిత్రలో ఒక ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. బెంగాలు, బీహారు బొగ్గు క్షేత్రాలలో స్త్రీలు భర్తలతో కలిసి భూగర్భంలో పనిచేశారు. గర్భిణులు నెలలు నిండేదాకా బాయి దిగేవారు. భూగర్భంలోనే కాన్పులు జరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. బ్రిటిష్ ఇండియాలో 1929 నాటి నిబంధనలు వారిని భూగర్భం నుంచి క్రమంగా తప్పించాయి. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 45వ ఒడంబడిక ఈ నిషేధాన్ని దేశాలన్నిటికీ సూచించింది. యుద్ధకాలపు బొగ్గు అవసరం కోసం 1943లో నిషేధాన్ని సడలించి, యుద్ధం ముగిశాక మళ్ళీ విధించారు. స్వతంత్ర భారతంలో 1952 గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భంలో నియమించరాదని శాసించింది. కనుక రామగుండం బాయిలు తెరిచేనాటికే భూగర్భం పురుషుల స్థలంగా స్థిరపడి ఉంది. ఉపరితలపు పనుల్లో కొందరు స్త్రీలు ఉన్నప్పటికీ, ఈ ప్రాంతపు స్త్రీలలో అత్యధికులు ‘కార్మికురాలు’గా కాక ‘కార్మికుని భార్య’గానే సంస్థ దస్త్రాల్లోకి ప్రవేశించారు.

ప్రసూతి హక్కుల విషయంలో ఈ తేడా చిన్నది కాదు. 1941 నాటి గనుల ప్రసూతి ప్రయోజన చట్టం గానీ, దాని స్థానంలో వచ్చిన 1961 ప్రసూతి ప్రయోజన చట్టం గానీ ఉద్యోగంలో ఉన్న స్త్రీకే వర్తించేవి. 1961 చట్టపు 8వ సెక్షనులో ఒక ఆసక్తికరమైన అంశం ఉంది. యజమాని ఉచితంగా ప్రసవ సంరక్షణ కల్పించకపోతే ఆ స్త్రీకి 25 రూపాయల వైద్య బోనసు చెల్లించాలి. ఆ మొత్తం 1988లో 250 రూపాయలయింది. తరువాత ఇంకా పెరిగింది. కాన్పు ఆసుపత్రి వెలుపల జరిగే అవకాశాన్ని చట్టం ఊహించిందనీ, దానికి ఒక వెల కట్టిందనీ ఈ సెక్షను చెబుతుంది. కాని ఆ 25 రూపాయలు కూడా బాయి కార్మికుని భార్యకు చెందవు. ఆమె బిడ్డను కనడం చట్టం దృష్టిలో ఎవరి శ్రమా కాదు. ఆమెకు మిగిలినవి రెండు దారులు. భర్త ఉద్యోగం ద్వారా సంక్రమించే సంస్థ ఆసుపత్రి ఒకటి, ఇల్లు రెండవది.

వరుస ఇళ్ళలో కాన్పు

తెలుగు నేల మీద ఇంటి కాన్పు అంటే ఏ ఇల్లయినా సరిపోదు. తొలుసూరు కాన్పు తల్లిగారింట జరగడం ఆచారం. మలి కాన్పులు అత్తగారింట జరిగినా, అక్కడ అత్త, తోడికోడళ్ళు, ఇరుగుపొరుగు ముసలమ్మలు ఉంటారు. ఎవరు నీళ్ళు కాచాలి, ఎవరు నడుము పట్టాలి, ఎవరు మంత్రసానికి కబురు పంపాలి అన్నది ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేకుండా జరిగిపోయే ఏర్పాటు అది. ఎస్.సి. దూబే 1951–52లో హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి రాసిన ‘ఇండియన్ విలేజ్’ (1955) తెలంగాణ పల్లెలోని కుటుంబ జీవితాన్ని, జననం మొదలు మరణం వరకు జరిగే సంస్కారాలతో సహా నమోదు చేసింది. రామగుండానికి తరలివచ్చిన మొదటి తరం ఇటువంటి పల్లెల నుంచి వచ్చినదే.

బొగ్గుబాయి ఈ ఏర్పాటును రెండు విధాలుగా విడగొట్టింది. మొదటిది, కుటుంబం చీలిపోవడం. కార్మికుడు భార్యా పిల్లలతో వచ్చాడు గాని, అత్తమామలు సాధారణంగా పల్లెలోనే భూమిని, పశువులను చూసుకుంటూ ఉండిపోయారు. తొలుసూరుకు తల్లిగారింటికి వెళ్ళిన స్త్రీ, రెండవ మూడవ కాన్పులకు నడిచే పిల్లలను వదిలి, బాయికి పోయే భర్తకు అన్నం వండేవారు లేక, వెళ్ళలేకపోవడం సహజం. రెండవది, ఇంటి నిర్మాణం. గుడిసె అయినా, కార్మికుల వరుస ఇళ్ళలో ఒకటయినా, పురిటికి ప్రత్యేకించి విడిచే గది గాని, మాయను పూడ్చే సొంత పెరడు గాని అక్కడ ఉండవు. దూలానికి తాడు కట్టి, దాన్ని పట్టుకొని నొప్పులు పడడం పాత పద్ధతి. స్లాబు వేసిన గదిలో దూలమే లేదు. ఒక్క విషయంలో మాత్రం బొగ్గు ప్రాంతపు ఇల్లు పల్లె ఇంటికన్నా మెరుగు. బొగ్గుపొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. నీళ్ళు కాగడానికి కట్టెలు వెతకనక్కరలేదు. ఆ పొగలోనే పచ్చి బాలింత, పసిగుడ్డు పడుకోవలసి రావడం అదే సౌకర్యానికున్న రెండో వైపు.

భర్త విషయం వేరుగా చెప్పుకోవాలి. సంప్రదాయం ప్రకారం పురుషుడు పురిటి గదిలోకి రాడు. గడప బయటే అతని చోటు. మంత్రసాని కోసం పరుగెత్తడం, నూనె, బెల్లం, సొంఠి తేవడం అతని పనులు. మూడు షిఫ్టుల బాయి జీవితంలో ఆ గడప దగ్గర కూడా అతడు ఉంటాడన్న నమ్మకం లేదు. రాత్రి షిఫ్టులో నొప్పులు మొదలైతే అతడు భూగర్భంలో ఉంటాడు. బాయి మీదికి కబురు చేరినా, లోపలి మనిషి పైకి రావడం క్షణాల్లో జరిగే పని కాదు.

ఈ ఖాళీని నింపినది వరుస. పక్కింటి గోడకు గోడ ఆనుకొని ఉండే ఆ ఇళ్ళలో నొప్పుల మూలుగు దాగదు. వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు కులాల నుంచి వచ్చిన స్త్రీలు ఒకరినొకరు ‘అక్క’, ‘వదినె’, ‘పెద్దమ్మ’, ‘అవ్వ’ అని పిలుచుకున్నారు. బంధుత్వం లేనిచోట బంధువాచకం ఏర్పడడం మర్యాద కోసమే అనుకోవడం పొరపాటు. పురిటి వేళ రక్తం, మైల ముట్టవలసిన పనిలోకి ఒకరిని పిలవాలంటే ఆ పిలుపుకు అధికారం కావాలి. ఆ అధికారాన్ని ‘వదినె’ అనే మాట ఇచ్చింది. పల్లెలో అత్తకూ తోడికోడలికీ ఉన్న బాధ్యతను బాయి కాలనీలో ఆ పిలుపు పొరుగింటామెకు బదలాయించింది. కాలనీ స్త్రీల మధ్య ఏర్పడిన ఈ బదిలీ కుటుంబం గురించి సింగరేణి సాహిత్యం చెప్పినది తక్కువే. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితల చేతిలో బలంగా రూపొందిన ఆ సాహిత్యానికి బాయి ప్రమాదం, సమ్మె, అణచివేత కేంద్రాలయ్యాయి. మరణం చుట్టూ గుమిగూడిన వాడను ఆ కథలు చూపినంత స్పష్టంగా, జననం చుట్టూ గుమిగూడిన వాడను చూపలేదు.

మంత్రసాని

పొరుగు స్త్రీలు తోడు మాత్రమే. బిడ్డను పట్టేది మంత్రసాని. తెలంగాణలో ఈ పని ప్రధానంగా మంగలి, చాకలి, మాదిగ కులాల స్త్రీలది. ‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి’ అనే సామెతను నేడు ఏ బాధ్యతకైనా అన్వయిస్తున్నారు. అసలు సందర్భంలో అది ఒక వృత్తి నియమం. బిడ్డ, మాయ, మలం, రక్తం, మృతశిశువు, ఏది వచ్చినా వెనక్కు తగ్గరాదని దాని భావం. ఈ నియమాన్ని పాటించిన స్త్రీని ఆ ముట్టు పనివల్లనే ‘తక్కువ’ అన్నది సమాజం. పురిటి గదిలో ఆమె మాటే చెల్లుతుంది. పదకొండో రోజు శుద్ధి జరిగాక అదే ఇంటి వంటగదిలోకి ఆమెకు ప్రవేశం ఉండదు. కంచ ఐలయ్య ‘పోస్ట్ హిందూ ఇండియా’ (2009)లో మంగలి వృత్తిని సామాజిక వైద్యవృత్తిగా గుర్తించడం ఈ చరిత్రకు అవసరమైన సవరణ. వైద్యం పేరుతో గౌరవం పొందిన జ్ఞానానికీ, సేవ పేరుతో చిన్నచూపు పొందిన జ్ఞానానికీ మధ్య గీత గీసినది కులమే.

ఆ జ్ఞానం ఎలాంటిదో తెలుసుకోవడానికి వైద్య గ్రంథాలకన్నా స్త్రీల పాటలు ఎక్కువ తోడ్పడతాయి. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) నుంచి ఈ పాటలు పరిశోధన పరిధిలోకి వచ్చాయి. స్త్రీల రామాయణ పాటలపై వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన వ్యాసం ఒక ముఖ్య విషయాన్ని ఎత్తి చూపింది. వాల్మీకి రామాయణంలో పాయస ప్రదానానికీ రామజననానికీ మధ్య కౌసల్య శరీరం దాదాపు కనిపించదు. స్త్రీల పాటలు ఆ ఖాళీలోనే ఆగి, వేవిళ్ళను, నొప్పులను, మంత్రసాని రాకను, బిడ్డ స్నానాన్ని, తొట్టెలను వివరంగా పాడతాయి. ఆ పాటల్లో కౌసల్య పైకప్పు నుంచి వేలాడే తాళ్ళు పట్టుకొని, నిలబడి ప్రసవిస్తుంది. ఆ పాటలు అగ్రవర్ణ స్త్రీల నోట నిలిచినవే అయినా, వాటిలో కనిపించే పని నైపుణ్యం మంత్రసానిది. నొప్పుల వేళ నిలబడడం, గొంతుక్కూర్చోవడం, నడవడం, వెనుక నుంచి ఒకరు ఆనుకొని ఉండడం ఈ దేశపు పాత పద్ధతులు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టడం ఆసుపత్రితో వచ్చినది.

ఇంతమాత్రాన ఇంటి కాన్పును పూర్వపు స్వర్గంగా చిత్రించడం చరిత్ర కాదు. 1946 నాటి భోర్ కమిటీ దేశంలో ప్రతి 1000 ప్రసవాలకు సుమారు 20 మంది తల్లులు, ఏటా సుమారు 2 లక్షల మంది చనిపోతున్నారని అంచనా వేసింది. మాయ పడకపోవడం, ఆగని రక్తస్రావం, గుర్రపువాతం, బిడ్డ అడ్డం తిరగడం వంటి స్థితుల్లో మంత్రసాని అనుభవానికి హద్దు ఉంది. కొడవలితోనో, దొరికిన బ్లేడుతోనో బొడ్డు కోయడం వల్ల పసిబిడ్డలకు ధనుర్వాతం సోకేది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, శుభ్రమైన బ్లేడు, బొడ్డుకు శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పూయకపోవడం అనే ‘ఐదు శుభ్రతలు’, గర్భిణికి ఇచ్చే టీకా కలిసి ఆ మరణాలను ఆపాయి. తల్లీబిడ్డల ధనుర్వాతం ఆంధ్రప్రదేశ్‌లో 2003 నాటికి, దేశమంతటా 2015 నాటికి నిర్మూలన స్థాయికి చేరింది. ఈ విజయంలో టీకా వేసిన ఏ.ఎన్.ఎం.కు, శిక్షణ పొంది కొత్త బ్లేడు పట్టిన మంత్రసానికి ఇద్దరికీ భాగం ఉంది.

మంత్రసానికి శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి, 1903లో లేడీ కర్జన్ స్థాపించిన విక్టోరియా స్మారక విద్యార్థి వేతన నిధి దాయీల శిక్షణను చేపట్టాయి. హైదరాబాదులో 1906లో విక్టోరియా జనానా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. తెలుగులో ఇదే జ్ఞానాన్ని గృహిణులకు అందించిన వారిలో కొమర్రాజు అచ్చమాంబ ముఖ్యులు. స్వయంగా వైద్యురాలైన ఆమె ‘ప్రసూతి–శిశు పోషణ’ రాశారు. స్వాతంత్ర్యానంతరం 1977 నాటి గ్రామీణ ఆరోగ్య పథకం ప్రతి 1000 జనాభాకు ఒక శిక్షిత మంత్రసాని ఉండాలని లక్ష్యంగా పెట్టుకుంది. పథకం పేరులోనే దాని హద్దు ఉంది. ఊరిని వదిలి కొడుకు వెంట బాయి కాలనీకి వచ్చిన మంత్రసాని ఏ ఊరి లెక్కలోకీ రాదు. కాలనీ పల్లె కాదు. సంస్థ ఆసుపత్రికి ఆమె ఉద్యోగి కాదు. గ్రామంలో ఆమెకు గింజల రూపంలో ముట్టే ఏడాది మేర కూడా ఇక్కడ లేదు. కాన్పుకింతని డబ్బు, చీర, కల్లు మాత్రమే. కులవృత్తి బంధం నుంచి విడుదల అనుకోదగిన ఈ మార్పు, ఆమెకు భద్రత లేకుండా చేసిన మార్పు కూడా.

ఆసుపత్రి గడప

సింగరేణి ఆసుపత్రి ఈ ప్రాంతపు స్త్రీలకు నిజమైన మేలు చేసింది. ఉచిత కాన్పు, రక్తం, శస్త్రచికిత్స దగ్గరలోనే లభించడం అప్పటి తెలంగాణ పల్లెకు లేని సౌకర్యం. అయితే ఆ గడపకు ఒక షరతు ఉంది. భర్త పేరు పర్మనెంటు ఉద్యోగుల పట్టికలో ఉండాలి. బదిలీ కార్మికుడిగా ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారు, గుత్తేదారు కింద పనిచేసినవారు, కార్మికుల మీద ఆధారపడి బతికే చిన్న వ్యాపారులు, కూలీలు ఆ పట్టికలో లేరు. ఒకే వరుసలో పక్కపక్క గుడిసెల్లో ఉన్న ఇద్దరు గర్భిణులలో ఒకరు ఆసుపత్రికి, ఒకరు మంత్రసాని దగ్గరకు వెళ్ళడానికి కారణం వారి చైతన్యస్థాయి కాదు, భర్తల ఉద్యోగ స్వభావం. 1990 ప్రాంతంలో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఆ తరువాత సగానికన్నా తగ్గి, ఒప్పంద కార్మికుల వాటా పెరిగినప్పుడు ఈ గీత మరింత మందమైంది.

అప్పటికి ప్రభుత్వ పథకాలు ముందుకు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (1992–93) నాటికి మూడింట ఒక వంతు కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. రెండవ సర్వే (1998–99) నాటికి సగం. 2005లో జననీ సురక్షా యోజన, అదే ఏడాది 108 వాహనాలు వచ్చాయి. జననీ సురక్షా యోజన మొదట్లో దారిద్య్రరేఖకు దిగువన ఉన్న స్త్రీకి ఇంటి కాన్పుకు కూడా 500 రూపాయలు ఇచ్చింది. అది ఇంటి కాన్పుకు రాజ్యం ఇచ్చిన చివరి గుర్తింపు. తెలంగాణలో 2015–16 నాటికి 91.5 శాతం, 2019–21 నాటి సర్వేలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. 2017లో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లికి మగబిడ్డయితే 12 వేలు, ఆడబిడ్డయితే 13 వేలు ఇచ్చే కె.సి.ఆర్. కిట్ పథకం మొదలైంది. ప్రతి లక్ష ప్రసవాలకు మాతృమరణాలు ఉమ్మడి రాష్ట్రంలో 2001–03లో 195. తెలంగాణలో 2018–20 నాటికి 43. ఈ అంకెల వెనుక బతికిన తల్లులు ఉన్నారు. ఇంటి కాన్పు పట్ల ఏ అభిమానమైనా ఈ అంకెను దాటుకొని పోలేదు.

అదే సర్వేలో మరో అంకె ఉంది. 2019–21 నాటికి తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం కోత కాన్పులు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అవి 80 శాతం దాటాయి. నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన గంటల తరబడి కూర్చోవడం మంత్రసానికి పని. ఆసుపత్రికి అది ఖర్చు. కోత కాన్పుల పెరుగుదలకు అనేక కారణాలున్నా, ఓపిక పట్టే మనిషి ప్రసవ గది నుంచి తప్పుకోవడం వాటిలో ఒకటనడంలో సందేహం లేదు. వరుస ఇళ్ళ వదినెలు ఆసుపత్రి వరండాలో ఆగిపోయారు. తలుపు లోపల స్త్రీ ఒంటరిది. పల్లెలో గాని, గుడిసెలో గాని ఎన్నడూ లేని ఒంటరితనం అది.

తోడు వల్ల ప్రయోజనం ఉన్నదని వైద్యశాస్త్రం కొలిచి చెప్పడానికి చాలా కాలం పట్టింది. 1980లో గ్వాటెమాలాలోని ఒక ఆసుపత్రిలో జరిగిన అధ్యయనంలో, నొప్పుల సమయమంతా పక్కన ఉండి, చేయి పట్టుకొని మాట్లాడే ఒక సాధారణ స్త్రీని కొందరు గర్భిణులకు తోడు ఇచ్చారు. ఆమెకు వైద్య శిక్షణ లేదు. గర్భిణికి ముందు పరిచయమూ లేదు. చిక్కులు లేని కాన్పుల్లో నొప్పుల వ్యవధి సగానికి పైగా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, స్త్రీ తాను కోరుకున్న తోడును ప్రసవ సమయంలో ఉంచాలని, ఆమెకు అనుకూలమైన భంగిమను ఎంచుకోనివ్వాలని సిఫారసు చేసింది. భారత ప్రభుత్వం అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసవ గదుల్లోకి తోడు స్త్రీని అనుమతిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. ఆ తోడు తాను కూడా ప్రసవం అనుభవించిన స్త్రీ అయి ఉండాలన్న అభిలాష వాటిలో కనబడుతుంది. వరుస ఇళ్ళలో ఆ నియమం ఎవరూ రాయకుండానే అమలైంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో ప్రసూతి సహాయకుల శిక్షణను కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రారంభించింది. రామగుండం స్త్రీలు దశాబ్దాల పాటు జిల్లా కేంద్రంగా ఎరిగిన ఊరది. నిలబడి, గొంతుక్కూర్చొని ప్రసవించడం, నడిపించడం, నడుము పట్టడం, మాట్లాడుతూ ధైర్యం చెప్పడం ఆ 18 నెలల శిక్షణలో పాఠ్యాంశాలు. అందులో ప్రవేశానికి నర్సింగ్ విద్యార్హత కావాలి. ఈ పాఠాలను పుస్తకం లేకుండా నేర్చి, బాయి కాలనీల్లో ఒక తరం బిడ్డలను పట్టిన స్త్రీలకు ఆ అర్హత లేదు. వారి కూతుళ్ళలో చాలామంది ఆ పనిని, దాని వెంట వచ్చిన కులపు పిలుపుతో సహా, అప్పటికే విడిచిపెట్టారు.